రాతిలో నిలిచిన చుట్టిల్లు
(గ్రంథాలయ సభయందు జరిగిన ఉపన్యాసము)



రాయి యెరుగని నేలలో పుట్టి పెరిగిన వారి యెదుట గుహలను గూర్చి ఉపన్యసింప బూనుట కొందరికి వింతగా తోచవచ్చును. ధవళేశ్వరము దాటి దిగువకు పోయిన కొలది మన సీమలో గులకరాయి సైతము కరవు. ఇంటి పునాదికి రాయి కావలెనన్న ఎగువనుండి రావలసినదే. పెరటిలోని రుబ్బురోలు కూడ పడవ దిగి వచ్చినదే. మన నేలలో పలుగు వేసినచోట నీరూరును గాని గుహ పడదు. అందుచేతనే కాబోలు, గుహలనగానే మనవారు అజంతా యనియు ఎల్లోరా యనియు పడమటి దిక్కునకు వ్రేలు చూపుదురు. రైలు టిక్కెట్లు కొని పిల్లలతో పోయి చూచి వత్తురు. పోవలదని మేమనము. కాని ఏలూరునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున గుంటుపల్లి కొండ యున్నది. దానిని చూచినవారెందరో చేతులెత్తుడని ఈ సభను అడుగుటకు మాకు ధైర్యము చాలకున్నది.

ఆ కొండ కామవరపుకోట మండలములో జీలకర్రగూడెమను పల్లెను ఆనుకొని యున్నది. 1925వ సంవత్సరము వరకు ఆ ప్రాంతము కృష్ణా మండలములోనిది. పిదప పశ్చిమ గోదావరిలో చేరినది. 2022 నుండి ఏలూరు జిల్లా యైనది. దొరతనములు హద్దులు మార్చుచునే యున్నవి, కొండ మాత్రము కదలలేదు. దక్షిణమున పెదవేగి యున్నది. అదియే వేంగి, శాలంకాయనులకును పిదప తూర్పు చాళుక్యులకును రాజధాని. అయితే ఆ రాజులెవ్వరును పుట్టకమునుపే, క్రీస్తునకు పూర్వము రెండుమూడు వందల యేండ్లనాడే, ఈ కొండలో ఉలిచప్పుడు వినబడినదని పండితుల నిర్ణయము. కొండ చరియలో భిక్షువుల విహారములు, పైన ఇటుకతో కట్టిన చైత్యముయొక్క శిథిలములు, మిట్టమీద అరువదికి పైబడిన చిన్నచిన్న మ్రొక్కుబడి స్తూపములు, స్తంభములు మాత్రమే మిగిలిన మండప మొకటి, ఇవన్నియు అచట నున్నవి. వీనిలో ఒక్కదానిని గూర్చి మాత్రము కొంత నిదానముగా మనవి చేసికొందుము. అది గుండ్రని చైత్యగుహ.

దాని ద్వారముపైన గుఱ్ఱపు లాడము వలె వంగిన తోరణము చెక్కబడినది. లోపల గది గుండ్రనిది. అడ్డుకొలత సుమారు 18 అడుగులు. నడుమ స్తూపమున్నది. దానిని వేరొకచోట చెక్కి తెచ్చి నిలిపిరనుకొనరాదు. చుట్టునున్న రాతిని తొలిచివేయుచు నడిమి భాగమును అట్లే విడిచిపెట్టగా ఏర్పడిన స్తూపమది. దాని చుట్టును మనుష్యు డొక్కడు తిరుగుటకు చాలినంత ప్రదక్షిణ మార్గము కలదు. ఇంతవరకు వింత లేదు. తల యెత్తి పైకప్పును చూచినవాడే నిలిచిపోవును. గుమ్మటమువలె వంగిన ఆ కప్పునకు వాసములున్నవి! నడినెత్తినుండి అంచులదాక వరుసగా దిగిన వాసములు, వానిని బంధించు అడ్డపట్టెలు, సమస్తమును రాతిలో చెక్కినవే. ఆ వాసములు ఏ బరువును మోయుట లేదు. కప్పు కొండలోని భాగము; దానిని నిలుపుటకు వాసములతో పని లేదు. అవి లేకున్నను గుహకు లోటు రాదు. మరి శిల్పి యేల చెక్కెను?

కళాచరిత్ర వ్రాసినవారు దీనికి చెప్పు సమాధానము స్పష్టముగనే యున్నది. రాతిపని నేర్వకముందు మన దేశమున గుడియు ఇల్లును కలపతోను గడ్డితోను కట్టబడెడివి. రాతికి దిగిన తొలితరము శిల్పులు తమ కన్నుల యెదుటనున్న కలప కట్టడమునే రాతిలో దింపిరి. బీహారదేశమున బరాబర్ కొండలలో అశోకచక్రవర్తి ఆజీవకులకు ఒసగిన గుహలున్నవి. అందు సుదామ గుహలోపలి గుండ్రని గది పూరిపాక చూరుతోసహా చెక్కబడినది; లోమశఋషి గుహ వాకిటి తోరణము వడ్రంగి పనికి అచ్చమైన అనుకరణము. మన గుంటుపల్లి చైత్యము ఆ కోవకు చెందినదే. అచ్చటిది గట్టి నల్లరాయి. అద్దమువలె నునుపు తేలినది. ఇచ్చటిది మెత్తని ఇసుకరాయి; అంతటి నునుపునకు లొంగదు. వడ్రంగి చేతి జ్ఞాపకము మాత్రము రెండుచోట్లను ఒక్కటియే.

పండితులు ఇంతటితో ఆగుదురు. మేము మరియొక అడుగు ముందుకు వేయ సాహసించుచున్నాము. దీనిని శాస్త్రనిర్ణయముగా గాక మా యూహగా గ్రహింప గోరెదము. విశాఖ మొదలు గోదావరి ముఖముల వరకు మన సముద్రతీరపు పల్లెలలో చుట్టిండ్లు ఉండెడివి. కొన్నిచోట్ల నేటికిని మిగిలియున్నవి. గుండ్రని మట్టిగోడ, దానిపై నడినెత్తిన కలిసిన వాసములు, చుట్టును పెండెకట్లు, వంగి దూరవలసినంత క్రిందికి దిగిన తాటాకు చూరు. మూలలు లేని ఇంటిని గాలి పట్టుకొనలేదు. తుపానులు వచ్చు తీరమున తాతలు నేర్చిన నేర్పది. 1996 నవంబరులో కోనసీమ కొబ్బరిచెట్లను కూకటివ్రేళ్లతో పెకలించిన గాలివాన మనలో చాలమందికి జ్ఞప్తియందే యున్నది. గాలికి ఎదురు నిలుచుటయన నేమో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అట్టి చుట్టింటిలో వెల్లకిల పరుండి కప్పును చూచినవాడు గుంటుపల్లి గుహలో తలయెత్తినచో క్రొత్త వస్తువును చూచితినని యనుకొనడు. మగధమున పుట్టిన ధర్మము మన తీరమునకు వచ్చి మన ఇంటి కప్పుక్రిందనే కూర్చుండెనని మాకు తోచుచున్నది. తాటాకు నాలుగేండ్లకు చివికిపోవును, వాసము చెదలు పట్టును. ఆ కాలపు ఇల్లొక్కటియు మనకు మిగులలేదు. రాతిలో తీసిన దాని ప్రతిరూపము మాత్రము మిగిలినది. ఇంతకంటె పురాతనమైన తెలుగు ఇంటి చిత్రము ఇంకొకటి ఎచ్చట దొరకునో మాకు తోచదు.

భిక్షువులకు గుహలతో పని యేమని కొందరు అడుగుదురు. సంచారము వారి ధర్మము. ఒకచోట కుదురుట కాదు. కాని వర్షాకాలము మూడునెలలును ఒకచోటనే వసింపవలయునని వారికి నియమము కలదు. ఆ వర్షావాసముననే విహారములకు పుట్టుక. ఆషాఢమున మన కాలువలు నిండి పొలములలో నాట్లు పడువేళ, త్రోవలు బురదయై బండి కదలని దినములలో, ఆ కొండగదులలో కూర్చుండి వారు చదువుకొనిరి. రాయి దొరకని పల్లపు సీమలో వారు ఇటుకను ఆశ్రయించిరి. కోనసీమలో వైనతేయ తీరమున ఆదుర్రు స్తూపము అట్టిది. కనుక డెల్టా వేరు, కొండ వేరు అని మనము గీచుకొనిన గీత ఆనాటివారికి లేదు.

ఇక మండపమును గూర్చి ఒక మాట. ఆ స్తంభములమీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో శాసనము కలదు. 1968లో అది లోకమునకు తెలియవచ్చినపుడు కళింగ చక్రవర్తి ఖారవేలునిదని తలచిరి. పిదప అక్షరములను సరిజూచి, అదే మహామేఘవాహన వంశమునకు చెందిన సిరి సదుడను రాజు కాలమునాటిదని తేల్చిరి. ఆ రాజునకు కళింగ మహిషకాధిపతి యని బిరుదము. కాని మండపమును దానము చేసినది రాజు కాడు, రాణియు కాదు, సేనాపతియు కాడు. రాజుగారి కొలువులో వ్రాతపని చేయు లేఖకుడు, చుళగోముడనువాడు. నేటి భాషలో చెప్పవలెనన్న కచేరీ గుమాస్తా! ఈ సభలో కూర్చుండిన వారిలో కలముతో జీవించువారు చాలమంది యున్నారు. అందుచేతనే ఈ సంగతిని విశేషముగా ఎత్తి చెప్పుచున్నాము. రాజు దండయాత్రలు ఎట్లు ముగిసెనో ఎవరికిని పట్టదు. గుమాస్తా కట్టించిన నీడ మాత్రము నేటికిని పేరుతో నిలిచియున్నది. మన బడులలో పిల్లలు రాజుల వంశవృక్షములను వల్లె వేయుదురు గాని ఈ చుళగోముని పేరు వినినవారు కానరారు. అది పిల్లల తప్పు కాదు.

ఇప్పుడు కొంచెము చిక్కు విషయమునకు వత్తము. ఆ గుండ్రని చైత్యమునందలి స్తూపమును చుట్టుపట్ల ప్రజలు ధర్మలింగేశ్వరుడని కొలుచుచున్నారు. శివరాత్రికి జనము వత్తురు. దీనిని చూచి నగరములనుండి వచ్చిన చదువరులు రెండు పక్షములుగా చీలుదురు. ఇది బౌద్ధుల ఆస్తి, పూజారిని పంపివేయవలయునని ఒక పక్షము. ఇది మొదటినుండియు శివాలయమే, బౌద్ధులనుమాట దొరలు కల్పించినదని రెండవ పక్షము. రెండవవారికి సమాధానము ఆ కొండ శాసనములలోనే యున్నది. మొదటివారితో మేమనునది యిది: భిక్షువులు వెడలిపోయిన పిదప ఆ కొండకు దిక్కెవ్వరు? స్తూపమును పగులగొట్టి రాతిని గోడలకు మోసికొనిపోయిన ఊళ్లు మన దేశమున లెక్కలేనన్ని కలవు. అమరావతి మహాస్తూపపు పాలరాళ్లు సున్నపుబట్టీలలో కాలిన కథ ఎరుగనివారు లేరు. ఈ పల్లెవారు దండము పెట్టిరి గనుక ఈ స్తూపము దక్కినది. దండము పెట్టినవాడు దేవుని పేరు మార్చెనని వానిపై కోపించుట కృతఘ్నత యగును. పైగా ధర్మమను మాట రెండు మతములకును చుట్టమే.

అయినను పూజకొక మితి యుండవలయును. ఇసుకరాతికి తడి పగ. ఆవిరియు నూనెయు కర్పూరపు పొగయు మెత్తని రాతిలోనికి ఇంకినచో పెచ్చులు లేచును. స్వామికి పూలు చాలవా, నూనె లేక జరుగదా యని ఆ యూరివారితో పురావస్తుశాఖవారు కూర్చుండి మాటలాడవచ్చును. ఆజ్ఞాపత్రము గోడకు అంటించిన మాత్రమున పని యగుననుకొనుట పొరపాటు. మా యనుభవములో పల్లెవానికి కారణము చెప్పినచో వినును. పట్టణవాసికే చెప్పుట కష్టము.

ఏలయన, గుహలకు నేడు వచ్చిన ప్రధానమైన కీడు పల్లెవానినుండి వచ్చినది కాదు. మన దేశపు ప్రాచీన కట్టడములలో దేనిలో దూరినను గోడలమీద ప్రేమికుల పేళ్లు, తారీఖులు, బాణము గ్రుచ్చిన హృదయములు. ఇవి చదువు రాని చేతులు చెక్కినవా? అక్షరము నేర్చినవాడు అక్షరమును వాడిన తీరిది! చుళగోముడును తన పేరు వ్రాయించుకొనెను గాని మండపము కట్టించిన తరువాత వ్రాయించుకొనెను. 1904లో వచ్చిన ప్రాచీన కట్టడముల రక్షణశాసనమునకు పిదప 1958లో స్వతంత్ర భారత పార్లమెంటు వేరొక శాసనమును చేసినది. 2010 సవరణతో, రక్షిత కట్టడమును పాడుచేసినవానికి రెండేండ్ల వరకు చెరసాల, లక్ష రూపాయల వరకు జుల్మానా అను శిక్ష యేర్పడినది. కట్టడమునకు నూరు మీటర్ల లోపల క్రొత్త కట్టుబడి కూడదనియు విధింపబడినది. చట్టము బలమైనదే. కాని ఒక్కొక్క కొండకు కావలికాడు ఒకడో ఇద్దరో. బలపము, మేకు పట్టుకొని వచ్చువారు వందలు.

కొండను పూర్తిగా వినోదమునకు అప్పగించిన యెడల ఏమగునో తెలిసికొనుటకు ఉత్తరముగా అనంతగిరి కొండలకు పోయి చూడవలయును. బొర్రా గుహలు మనుష్యుని ఉలి ఎరుగనివి. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాతిలోనికి దిగి, కొంచెము కొంచెముగా కరిగించి, వేలవేల యేండ్లలో ఒక పాతాళభవనమును తొలిచినది. కరిగిన సున్నము పైకప్పునుండి బొట్టుబొట్టుగా జారి, జారినచోటనే మరల రాయియై వ్రేలాడుచున్నది. ఆ వ్రేలాడు రాయి నూరేండ్లలో అంగుళము పెరిగిన చాల పెరిగినట్లే. దానిని విరిచి జేబులో వేసికొనుటకు అర నిమిషము చాలును. కొండపై మేయు ఆవు కన్నములో పడగా వెదకుచు పోయిన కాపరికి లోపల లింగము కనబడెనని అచటివారి కథ. ఆ చెంత పారు నదికి గోస్తనియని పేరు వచ్చినది ఆ కథవలననే యందురు. ఆ గుహలను 1807లో భూగర్భశాఖ దొర యొకడు కనుగొనెనని వ్రాతలలో తరచు కానవచ్చును. ఆ శాఖ పుట్టినదే 1851లో! పుట్టని శాఖకు ఉద్యోగిని కల్పించిన మనవారు, తరతరములుగా ఆ కొండలలో మసలిన గిరిజనులు దానిని ముందే యెరిగియుందురను ఆలోచన చేయకపోయిరి.

ఆ గిరిజనులే పిదప బొర్రాను కాపాడిరి. ఆ ప్రాంతమున ప్రభుత్వము గనుల కౌలు పట్టాలను ప్రైవేటువారికి ఇచ్చినది. సమత యను సంస్థ న్యాయస్థానములకు ఎక్కినది. 1997లో సుప్రీముకోర్టు, షెడ్యూలు ప్రాంతపు భూములను గిరిజనేతరులకు గనులకై కౌలుకిచ్చుట చెల్లదని తీర్పు చెప్పినది. ఆ తీర్పు దేశమంతటను సమత తీర్పని ప్రసిద్ధిగాంచినది. గని పోయినది, యాత్రికుడు వచ్చినాడు. గనికంటె యాత్రికుడు మేలనుట నిశ్చయము. కాని రంగురంగుల విద్యుద్దీపములు వెలిగినచోట, చీకటిలో ఎన్నడును పుట్టని పచ్చని నాచు రాతిపై పుట్టును. జనము ఊపిరితో వేడియు చెమ్మయు హెచ్చును. గబ్బిలములు చోటు విడిచి పోవును. గబ్బిలమును అపశకునమని తరుముదురు గాని, రాత్రియెల్ల పురుగులను తిని రైతునకు మేలుచేయు జంతువది. సున్నపుగుహలో దాని రెట్టయే ఎన్నియో చిన్నప్రాణులకు ఆహారము. దీపములు కావలసినప్పుడే వెలిగించుట, ఒక్కమారు లోనికి పోవు జనమునకు లెక్క పెట్టుట, ఇవి ఖర్చులేని పనులు.

నంద్యాల జిల్లాలోని బెలుము కథ వేరు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దానిని గూర్చి వ్రాసెను; నూరేండ్ల పిదప 1982, 83లలో హెర్బర్ట్ డేనియల్ గెబౌయర్ అను జర్మనీ దేశస్థుడు తన బృందముతో లోపల ప్రాకి కొలిచెను. 3,229 మీటర్ల పొడవని లెక్క. చుట్టుపట్లవారు చెత్త పోయుచుండిన ఆ బిలమును పర్యాటక సంస్థ శుభ్రపరచి 2002లో ప్రజలకు తెరచినది. అనగా జనము రాక ఎల్లయెడల కీడే యనరాదు. బెలుమునకు జనము రాకతోనే ప్రాణము వచ్చినది. వచ్చినవాడెట్లు వచ్చుననునదే ప్రశ్న. సున్నపురాయి మరల పెరుగును, ఎంత మెల్లగానైనను. గుంటుపల్లిలో ఒక వాసము రాలినచో మరల పెట్టు శిల్పి లేడు.

కావున గుంటుపల్లికి బొర్రావలె వేలకొలది జనమును తరలింపవలయునను కోరిక మాకు లేదు. రంగుదీపములు వద్దు, ఫలహారశాలలు కొండ దిగువనే యుండనిండు. మాకు కావలసినవి వేరు. శాసనముల మూలమును తెలుగు అర్థమును పెద్ద అక్షరములతో అచటనే నిలుపవలయును. బండిదిగిన రైతుకూలీ చదివి తెలిసికొనునట్టి తెలుగు కావలెను గాని నిఘంటువు వెదకవలసిన తెలుగు కాదు. ఈ మాట ఇట్టి భాషలో చెప్పుచున్న మమ్ము చూచి మీరు నవ్వవచ్చును. నవ్వుడు, కాని పని జరిపింపుడు. రెండవది, ఆ యూరి పిల్లలలో నలుగురికి ఆ కొండ చరిత్ర నేర్పి, వచ్చినవారికి చూపించి చెప్పు పనిని జీతముతో వారికి ఇవ్వవలయును. కొండ తమకు కూడు పెట్టినచో దానిపై మేకుతో పేరు చెక్కువాని చేయి వారే పట్టుకొందురు.

మూడవది ప్రభుత్వమును అడుగవలసినది కాదు. 1922లో రాజమహేంద్రవరమున కొందరు పెద్దలు, ఏ దొరతనమును ఆజ్ఞాపింపకయే, ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని నెలకొల్పి శాసనములు సేకరించిరి, పత్రిక నడిపిరి. ఉపాధ్యాయులు, వకీళ్లు, చేతి డబ్బు పెట్టుకొని బండ్లలోను కాలినడకను ఊళ్లు తిరిగిరి. నేడు మన పఠనమందిరములలో వార్తాపత్రికలకు కొదువలేదు గాని, మన జిల్లా రాళ్ల నకలు ఒక్కటియు గోడమీద లేదు. చుళగోముని శాసనపు ఛాయాపటమును, దాని తెలుగు అర్థముతో అద్దము కట్టించి ఈ గది గోడకు వ్రేలాడదీయుటకు ఎంత వ్యయమగునో కార్యదర్శితో లెక్క వేయించితిమి; పదిమంది సభ్యుల నెల చందా చాలును.

కార్తికమున ఎండ తగ్గి త్రోవలు ఆరిన పిదప ఒక ఆదివారమునాడు పోవుద మనుచున్నాము. ఉదయము పోయి ప్రొద్దుగూకకముందు మరలవచ్చును. నీళ్లసీసాలు, భోజనము కట్టుకొని రావలయును. విస్తళ్లు మరల మూటగట్టి తేవలయును. గుహలోనికి ఒకమారు పదిమందికి మించి పోరాదు. కొండమెట్లు ఎక్కలేని వృద్ధులకు దిగువనున్న విహారములే చాలును. పిల్లలను తప్పక తీసికొని రండు. వెనుక జేబులలో మేకు, బలపము లేకుండ ముందుగనే చూచికొనుడు. వచ్చువారు ఈ సభ ముగిసిన వెంటనే బల్లమీదనున్న పుస్తకములో పేళ్లు వ్రాయవచ్చును.